బల్ల రొట్టె, బెల్లం బన్నులు

మొన్న శనివారం మా పై అంతస్తు అమ్మాయి ఒక గాజుసీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల తెల్లటి జారుపిండి, దాని మీద బుడగలు. దీన్ని సోర్‌డో స్టార్టర్ అంటారట, విదేశాల్లో పుట్టిన విద్యట, మన ఇళ్ళలో ఎవరికీ తెలియదట. "రోజూ సగం తీసి సింకులో పారబోసెయ్యాలక్కా, మిగతా సగానికి కొత్త పిండీ నీళ్ళూ కలపాలి" అని చెప్పి, ఆ పారబోసేదాన్ని డిస్కార్డ్ అంటారని కూడా నేర్పింది. మూత తీసి వాసన చూశాను. పులిసిన మజ్జిగ, మగ్గిన అరటిపండు, పొద్దున్నే చెట్టు నుంచి దింపిన కల్లు, మూడూ కలిసిన వాసన. అది మా మామ్మ వంటింటి వాసన. మన ఇళ్ళలో ఎవరికీ తెలియకపోవడమేమిటి, సింకులో పారబోయడమేమిటి! ఆ అమ్మాయి మంచిదే, ప్రేమతోనే తెచ్చింది, అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఆవిడ మీద కాదని ఆవిడ వెళ్ళాక తెలిసింది.

మా మామ్మ, అంటే నాన్న తల్లి, పేరు సారమ్మ. అనకాపల్లిలో మా చర్చి వెనక సందులో, పెంకులు తీసేసి కొత్తగా రేకులు వేయించిన ఇంట్లో ఉండేవాళ్ళం. మామ్మ పెళ్ళి కాకముందు ఒక దొరసాని బంగళాలో వంటపని చేసి రొట్టె కాల్చడం నేర్చుకుంది. దొరసాని తన దేశం వెళ్ళిపోయింది కానీ రొట్టె మాత్రం మామ్మ చేతిలో ఉండిపోయింది. అప్పటి నుంచీ మా చర్చిలో నెలకొకసారి, మొదటి ఆదివారం, బల్ల తీసుకునే రోజున, యేసు చివరి భోజనానికి గుర్తుగా అందరూ విరుచుకునే రొట్టె మామ్మ కాల్చిందే. ఎవరూ ఆమెను నియమించలేదు, ఎక్కడా రాసి పెట్టలేదు. మా నాన్న పుట్టకముందు నుంచి నేను బడికి వెళ్ళే రోజుల దాకా, అంటే ఊళ్ళో ఎస్టీడీ బూతులన్నీ సెల్‌ఫోన్ రీచార్జి కొట్లుగా మారిపోయే దాకా, ఆ రొట్టె ఒక్క నెల తప్పలేదు.

రొట్టె పొంగడానికి మామ్మ కొట్లో ఏమీ కొనేది కాదు. వంటింటి మూల చీకట్లో ఒక జాడీ, దాని మూతికి పాత పంచె గుడ్డ, లోపల తోడుపిండి. పెరుగుకి తోడు ఉన్నట్టే రొట్టెకీ తోడుండాలని ఆమె పెట్టుకున్న పేరది. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, కాఫీ కూడా ముట్టకుండా ఆ జాడీ దగ్గర కూర్చుని, గుప్పెడు పిండీ గోరువెచ్చటి నీళ్ళూ వేసి చెక్క తెడ్డుతో కలిపేది. ఎండాకాలం అది పొంగి గుడ్డని పైకి ఎత్తేసేది, మాఘమాసం చలికి ముడుచుకు పడుకుంటే దాని చుట్టూ నాన్న పాత స్వెట్టరు చుట్టేది. మా అమ్మకి ఆ జాడీ అంటే కొంచెం అసూయ ఉండేదని ఇప్పుడనిపిస్తుంది, పిల్లలకి జ్వరమొచ్చినా మామ్మ ముందు దాన్ని చూసుకునే వచ్చేది మరి.

బల్ల ఆదివారానికి ముందు శనివారం మా పెరడంతా పండగ. పెద్ద డేగిసాలో అడుగున ఏటి ఇసక పోసి, పొయ్యిలో కశింకోట నుంచి తెచ్చిన ఎండు చెరకుపిప్పి ఎగేసి, ఇసక కాలాక పిండి గిన్నె లోపల దింపి, మూత మీద కూడా నిప్పులు పరిచేది మామ్మ. పిప్పి మండే తియ్యటి పొగ, కాలే పిండి వాసన, పక్కన మేము తొక్కుడుబిళ్ల ఆడుతుంటే లేచే దుమ్ము, వానాకాలమైతే రేకుల మీద చినుకుల మోత, గొడుగు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడే డ్యూటీ మా అక్కది. ఒకటే గిన్నె, ఒకటే రొట్టె. దాని పైచెక్కు బంగారు రంగుకొచ్చాక తెల్లగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసేది. దాని వైపు వేలు చూపించినా ఊరుకునేది కాదు.

మా పండగ దానితో కాదు, మిగులుతో. రొట్టెకి తీయగా, జాడీకి మళ్ళీ తోడుకి ఉంచగా, మధ్యలో రెండు మూడు గిద్దెల పులిసిన పిండి మిగిలిపోయేది. దాంట్లో మామ్మ కోరిన బెల్లం, పచ్చి కొబ్బరి, దంచిన యాలకులు, వేయించిన నువ్వులు వేసి, నెయ్యి రాసిన పాలడబ్బా మూతల్లో పోసి, రొట్టె దించిన ఆ వేడి ఇసక మీదే పెట్టేసేది. చెరకు ఆడే రోజుల్లోనైతే, పక్కింటి ఎర్నమ్మ వాళ్ళు కశింకోట పొలం నుంచి చెంబుడు వేడి పాకం తెచ్చిచ్చేవారు, అది పోస్తే బన్ను ముదురు రంగులో, వేళ్ళకి అంటుకుంటూ వచ్చేది. ఎండాకాలం పనసతొన ముక్కలు పడేవి. క్రిస్మస్‌కి అరిసెలూ కజ్జికాయలూ ఎన్ని ఉన్నా మేం ముందు ఈ బన్నుల మీదే పడేవాళ్ళం. బెల్లం తీపి నాలుకకి తగిలాక ఆ వెనకాలే ఒక చిన్న పులుపు వచ్చేది, అది రాకపోతే అది మామ్మ బన్ను కాదు. సందులోని పిల్లలందరికీ తలొకటి. ఎర్నమ్మ పిల్లలు నూకాలమ్మ జాతరకి వెళ్తూ కూడా దారిలో ఆగి తీసుకెళ్ళేవాళ్ళు.

ఆ బన్నులకి పెద్దవాళ్ళలోనూ అభిమానులుండేవారు. అందరికన్నా పెద్ద అభిమాని మా చర్చి సంఘానికి పెద్ద అయిన దయానందం గారు. శనివారం సాయంత్రం "రేపటి ఏర్పాట్లు ఎంతవరకొచ్చేయి సారమ్మప్పా" అంటూ వచ్చి, అరుగు మీద కూర్చుని, వద్దు వద్దంటూనే మూడు తినేవారు. మామ్మని సొంత అక్కలా అప్పా అని పిలిచేవారు. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక కల్లు సంగతి. ఏడాదికోసారి, వేసవిలో, తోడుపిండి నీరసించినప్పుడు మామ్మ రాంబిల్లిలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళేది. అక్కడ తాడిచెట్లు గీసే మనిషి పొద్దున్నే దింపిన తాజా కల్లు ఒక గ్లాసుడు స్టీలు క్యారేజీలో పోసిస్తే, ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోల్లో మారుతూ వచ్చి జాడీలో పోసేది. రెండ్రోజుల్లో పిండి కుర్రదైపోయేది. బంగళాలో పాత వంటవాళ్ళు దొరసానికి నేర్పిన పద్ధతే అది. ఆ గ్లాసుడు కల్లు ఏడాది పొడుగునా రోజూ పిండిలో కరిగి, ఆ పిండి మళ్ళీ నిప్పుల మధ్య కాలి రొట్టె అయ్యేసరికి దాంట్లో కల్లు ఎంత ఉంటుందో లెక్క తెలిసిన వాళ్ళెవరైనా చెప్పండి. ఆ రొట్టె తిని తూలినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ఆ కల్లు సంగతి బయట చెప్పినది నేనే. నాలుగో తరగతి సెలవుల్లో, చర్చిలో పిల్లలకి పెట్టే వేసవి బైబిలు బడిలో, ఆ రోజు పాఠం పులిసిన పిండి గురించి. చెప్పే టీచరు దయానందం గారి కోడలు. "పిండి ఎలా పులుస్తుందో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. నాకు తెలిసినంత ఈ ప్రపంచంలో ఎవరికి తెలుసు! చెయ్యెత్తి, లేచి నిలబడి, గొంతు చించుకుని, "మా మామ్మ కల్లు పోత్తాదండి, రాంబిల్లి నుంచి తెత్తాది" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. టీచరు నవ్వలేదు.

సాయంత్రానికి దయానందం గారు మరో ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చోలేదు. "సారమ్మా, జాడీ బయటికి తే" అన్నారు. అప్పా అనలేదు. మా సంఘంలో తాగుడు మానుతామని ప్రమాణం చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ భార్యలు చర్చి మెట్ల మీద ఏడ్చిన ఏడుపు నేనూ చూశాను, కాబట్టి ఆయన భయం పూర్తిగా ఉత్తిది అనను. కానీ భయపడ్డ మనిషి అడుగుతాడు. ఆయన అడగలేదు. మామ్మ జాడీ తెచ్చి, గుడ్డ విప్పి, తెడ్డుతో కొంచెం పిండి తీసి ఆయన ముందు పట్టుకుంది. "రుచి సూడండి బాబూ, కల్లుందేటో మీరే సెప్పండి" అంది. ఆయన ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశారు. ముందటి శనివారమే దాంతో చేసిన మూడు బన్నులు తిన్న మనిషి! తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత, అక్కడ పాలు తాగినవాళ్ళే అలా అంటే ఏం చెయ్యాలి? క్రిస్మస్‌కి ఆయనే విశాఖపట్నం నుంచి రమ్ములో నానబెట్టిన కిస్‌మిస్సుల కేకు తెప్పించి సంఘమంతటికీ పంచేవారు, ముక్క విరిస్తే వాసన గుప్పుమనేది. అది కేకు, ఇది కల్లు. గురివింద గింజ తన కింది నలుపు తానెరగదని ఊరికే అనలేదు.

వచ్చే నెల నుంచి బల్లకి బేకరీ ప్యాకెట్ రొట్టె అన్నారు. దానికి మామ్మ తలూపింది. అక్కడితో ఆగలేదు, ఇన్నేళ్ళూ సంఘానికి తెలియకుండా చేసిన పాపానికి ఆదివారం అందరి ముందూ లేచి క్షమాపణ చెప్పాలి, లేకపోతే బల్ల నిలిపేస్తాం అన్నారు. బల్ల నిలిపేయడమంటే ఏమిటో మా వాళ్ళకి తెలుసు. తాగి భార్యని కొట్టినవాడికి, రెండో కాపురం పెట్టినవాడికి వేసే శిక్ష అది.

ఆదివారం మామ్మ తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి లేచి నిలబడింది. చర్చంతా ఆమెకేసే చూసింది. "కల్లు ఏసేనన్నది నిజమే. తప్పని నాకు తెల్దు. తెల్దని సెప్పమంటే సెప్తాను. తప్పు సేసేనని సెప్పమంటే మాత్రం నాను సెప్పలేను, అది అబద్దం అయిపోద్ది" అని చెప్పి కూర్చుంది. పాస్టరుగారు మెత్తటి మనిషి, తర్వాత రెండుసార్లు మా ఇంటికొచ్చి, ఒక్క మాట, తప్పయిపోయిందనే ఒక్క మాట పైపైన అనెయ్యమని బతిమాలారు. మామ్మ ఆయనకి మజ్జిగిచ్చి పంపేసింది.

ఆ వారం నేను అన్నం సరిగ్గా తినలేదు. ఎవరు చెప్పారని మామ్మ ఒక్కసారి కూడా అడగలేదు, అడిగితే బాగుండునని తపించిపోయాను. శనివారం, మర్నాడు బల్ల లేకపోయినా, ఆమె పొయ్యి వెలిగించింది. రొట్టె గిన్నె లేదు. ఇప్పుడిక జాడీలో పిండంతా మిగులే. మొదటి బన్ను నా చేతిలో పెడితే ఏడుపు తన్నుకొచ్చింది, "మామ్మా, నానే సెప్పేను" అన్నాను. "తెల్సే గుంటా. అబద్దం ఆడలేదు కదా, ఎందుకేడుత్తావు? సల్లారిపోద్ది, తిను" అంది. తిన్నాను. అప్పటి నుంచి ప్రతి శనివారం రెట్టింపు బన్నులు. సందు పిల్లలు, ఎర్నమ్మ పిల్లలు, ఆఖరికి దయానందం గారి మనవలూ వచ్చేవారు. వాళ్ళకి ఇవ్వొద్దని నేను పోట్లాడితే మామ్మ నా నెత్తి మీద మొట్టికాయ వేసి వాళ్ళకే ముందు ఇచ్చేది.

ఏడేళ్ళు. ఏడేళ్ళపాటు ప్రతి మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం దయానందం గారే పట్టుకుని వరసలో వచ్చేవారు, మామ్మ చాప దగ్గరకొచ్చేసరికి ఒక అంగ పెద్దదిగా వేసి దాటిపోయేవారు. బాప్తిస్మం తీసుకోని పిల్లలం మేమూ బల్ల తీసుకునేవాళ్ళం కాదు కాబట్టి ఆమె మాతో పాటు, తల వంచుకుని, పళ్ళెం వెళ్ళిపోయే దాకా కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ పళ్ళెంలో బేకరీ ముక్కలు పొడిపొడిగా రాలుతుండేవి. నాకు బాప్తిస్మం వయసొచ్చాక, నీకు లేని బల్ల నాకూ వద్దు మామ్మా అన్నాను. ఆ ఒక్కసారే ఆమె నా మీద నిజంగా కోప్పడింది. నేను ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా, బల్ల లేకుండానే పోయింది. సమాధి చేసి వచ్చేసరికి, ఇల్లు కడిగిన ఆడవాళ్ళు పాడైపోయిన పిండి అనుకుని తోడుపిండిని కాలవలో పారబోసి, జాడీ శుభ్రంగా తోమి బోర్లించారు. వాళ్ళ తప్పేమీ లేదు. దానికి పిండి వెయ్యాలని, ఆమె పడకేసిన ఆ చివరి మూడు రోజులూ నాకే గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆ ఇంటి పెరట్లో అద్దెకున్నవాళ్ళు బైకులు పెట్టుకుంటున్నారు. డేగిసా ఏమైందో మా అమ్మకీ తెలియదు. ఎర్నమ్మ వాళ్ళు చెరకు మానేసి పొలం లేఅవుటుకి ఇచ్చేశారు, చెంబుతో పాకం ఎలా ఉంటుందో మా పిల్లలకి చెప్పాలంటే మాటలు వెతుక్కోవాలి. చర్చిలో బల్లకి ఒక్కొక్కరికీ విడివిడిగా సీలు వేసిన చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తున్నారు, పైన రొట్టె బిళ్ళ, కింద ద్రాక్షరసం. కొత్త పాస్టరుగారిని మా మామ్మ సంగతి అడిగాను. పాపం ఆయన రిజిస్టర్లన్నీ తిరగేసి, అలాంటిదేమీ రాసి లేదమ్మా అన్నారు. రొట్టె కాల్చిందనీ లేదు, బల్ల నిలిపారనీ లేదు.

కిందటి నెల అక్కడే ఒక పెళ్ళికి వెళ్ళాను. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో దయానందం గారు, చెవికి మిషను, చేతిలో కర్ర. ఎవరో నన్ను ఫలానా సారమ్మ మనవరాలని చెబితే మొహం చాటంత చేసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. "సారమ్మప్ప మనవరాలివా! అబ్బో, ఏం బన్నులమ్మా అవి. నెల నెలా తినేవాణ్ణి. అప్పలాటి మనిషి మన సంఘంలో మళ్ళీ పుట్టలేదు" అన్నారు. నేను ఆయన కళ్ళలోకి చూశాను, ఎక్కడైనా సిగ్గు కనిపిస్తుందేమోనని. లేదు. నటించడమూ లేదు. నిజంగానే మర్చిపోయారు. ఏడేళ్ళు దాటుకుంటూ వెళ్ళిన మనిషికి నోట్లో తీపి ఒక్కటే మిగిలింది. నాకు అక్కడే అరవాలనిపించింది, ఎనభై దాటిన ముసలాయన మీద పెళ్ళి పందిట్లో ఏమని అరుస్తాను?

"నీకొచ్చేటమ్మా సెయ్యడం? పళ్ళన్నీ పోయేయి, మెత్తగా ఉంటాది, తినగల్ను" అన్నారు, నా చెయ్యి వదలకుండా.

మామ్మయితే పెళ్ళిభోజనం కూడా మానేసి ఇంటికెళ్ళి బెల్లం కోరడం మొదలుపెట్టేది.

"రాదండి" అన్నాను. వచ్చు. పిండి ఎంత పులవాలో, ఇసక ఎంత కాలాలో నా చేతులకి ఇప్పటికీ తెలుసు. ఒక్క అబద్ధం ఆడలేక మా మామ్మ ఏడేళ్ళు బల్లకి దూరమైంది, అదే మనిషి ముందు నాకు మాత్రం క్షణం కూడా పట్టలేదు.