మాస్టారి చూపు ఎప్పుడూ పైకే

మొన్న మంగళవారం పొద్దున్నే కలకత్తా భవానీపూర్ నుంచి మాస్టారి కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు పోయారన్నయ్యా" అంది. ఆ మాట వినగానే నేను తలెత్తి మా ఇంటి పైకప్పు చూశాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే.

మాస్టారు కలకత్తాలో మాకు ఇంజనీరింగ్ చెప్పారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హౌరాలో స్థిరపడ్డ కుటుంబం. ఆయన జీవితమంతా పల్చటి ఉక్కు రేకుతోనే గడిచింది. రేకును వేడి చెయ్యకుండా మడిచి, షెడ్ల పైకప్పు మోసే దూలాలు చేస్తారు. తేలిగ్గా ఉంటాయి, తిన్నగా కనిపిస్తాయి. బరువు ఎక్కువైతే మాత్రం ముందు వాటి వెడల్పాటి భాగం అలలుగా ముడుచుకుంటుంది. ఆ తర్వాత దూలం మొత్తం ఒక్కసారిగా మెలితిరిగిపోతుంది. ఈ రెంటికీ మధ్య దొరికే కాస్త వ్యవధి గురించే ఆయన చదువంతా.

ల్యాబ్‌లో బరువు పెంచుతున్నప్పుడు మేము మీటర్ల ముళ్ళు చూస్తుండేవాళ్ళం. ఆయన రేకు మీద పడ్డ ట్యూబ్‌లైట్ వెలుగు చూసేవారు. ఆ గీత వంకరపోతే చాలు, "ఎనక్కి రండి" అనేవారు. "చప్పుడయ్యాక ఎవుడైనా పరిగెడతాడు. ముందే లెగాలి." పెళ్ళిళ్ళకు వెళ్ళినా అదే చూపు. "పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చారా, పందిరిని చూడ్డానికొచ్చారా?" అని భార్య వేళాకోళం చేసేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

చదువయ్యాక హౌరాలో ఒక చిన్న కార్ఖానా షెడ్డుకు డిజైన్ చేశాను. నా మొదటి పని. ఆ ఏడాది విశ్వకర్మ పూజకు, గొప్ప చూపించుకుందామని, మాస్టారిని అక్కడికి తీసుకెళ్ళాను. గేటు మీద యూనియన్ ఎర్రజెండాలు, లోపల మెషీన్లకు బంతిపూల దండలు. విస్తళ్ళ ముందు అరవై మంది దాకా కూర్చున్నారు. వారం రోజులుగా వాన. దూలాల కింది అంచులకు తాళ్ళు కట్టి పెద్ద ఫ్యాన్లు, లౌడ్‌స్పీకర్లు, రంగు దీపాలు వేలాడదీశారు. పాత షెడ్డులో ఏటా అలాగే కట్టేవాళ్ళట. దానివి మందపాటి దూలాలు.

మాస్టారు గుమ్మంలోనే ఆగి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏటయ్యా, లెక్కలో రేకు వెడల్పంతా తీసుకున్నావా?"

"అవును సార్."

"ముడుచుకుపోయే భాగం అందులోంచి తీసీనావా?"

మందపాటి దూలాలకు వేసే లెక్కే దీనికీ వేసేశాను. ఆయన మూడేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిందే మర్చిపోయాను. పైన దూలం మీద దీపాల వెలుగు తిన్నగా లేదు, అలలు అలలుగా ఉంది.

"అందరూ లెగండి, బయటికి రండి" అన్నారు మాస్టారు. ఎవరూ కదల్లేదు. ఫోర్‌మన్ మన తెలుగువాడే, హౌరాలో పుట్టినవాడు. "ఏటి మేస్టారూ, పూజ మధ్యల లెగమంటే ఎలాగండి? భోగ్ ప్రసాదం ఇప్పుడే వడ్డించినాం. కట్టించిన ఇంజనీరు బాబు ఇక్కడే ఉన్నాడు, ఆయన్ని సెప్పమనండి" అన్నాడు.

అరవై మంది నావైపు చూశారు. మాస్టారు కూడా చూశారు. తప్పు నాదని ఆయన ఒక్క ముక్క చెప్పొచ్చు. చెప్పలేదు. నా పరువు పోతుందని నాకు ఆ క్షణంలో కూడా అనిపించింది, సిగ్గుపడుతూ రాస్తున్నాను.

"నా లెక్క తప్పు దాదా! లేవండి, షెడ్డు ఆగదు!" అని అరిచాను.

ఫోర్‌మన్ మొహం పాలిపోయింది. బెంగాలీలో కేకలు పెట్టి అందరినీ తోసుకుంటూ బయటికి పంపాడు. చివరి మనిషి దాటేదాకా మాస్టారు గుమ్మం వదల్లేదు. ఆ తర్వాత పెద్ద చప్పుడేమీ కాలేదు. డబ్బా మూత నొక్కినట్టు ఒక్క టప్పు, వెంటనే పైకప్పు మీద నిలిచిన వాననీళ్ళు జారిన శబ్దం.

దుమ్ము అణిగాక తొంగి చూశాం. భోజనాల వరసంతా రేకుల కింద ఉంది. గుమ్మం దగ్గరి విస్తరి ఒక్కటే బయటికి కనిపిస్తోంది. అందులో ఖిచుడీ మీద ఎవరిదో చెయ్యి అచ్చు, ఇంకా పొగలు.