దర్జీ చాచా కిటికీలో పిట్టగూడు

ఆ రోజుల్లో నా నడుముకు సరిపడే ప్యాంటు ఏ దుకాణంలోనూ దొరికేది కాదు. అంత బక్కగా ఉండేవాణ్ణి (ఫొటోలు చూపించినా మా పిల్లలు నమ్మరు). మెదక్‌లో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా సారునయ్యాను. ఒక దర్జీ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. వీధంతా ఆయన్ని చాచా అనేది, నేనూ అనేవాణ్ణి. చలి వెనక్కి తగ్గి, పెరట్లో మామిడి పూత ఘుమఘుమలాడుతూ, నర్సాపూర్ దారిలో మోదుగులు ఎర్రబడుతున్న వేళ మా మేనత్త టేక్మాల్‌లో ఒక సంబంధం చూసింది. ఆదివారం పెళ్ళిచూపులు. వెంటనే గుడ్డ కొని చాచాకిచ్చాను.

బుధవారం వెళ్ళి చూస్తే చాచా కుట్టుమిషన్ మీద బట్ట కప్పి, చేత్తో సూది పట్టుకుని కూర్చున్నాడు.

"చాచా, నా ప్యాంటు?"

"జర మెల్లగ మాట్లాడుండ్రి సారూ," అంటూ కిటికీ చూపించాడు. పూసిన మందార కొమ్మ ఒకటి ఊచలకు ఆనుకుని ఉంది. రెండాకుల్ని దగ్గరికి లాగి, దూదిపోగులతో కుట్టి, ఆ సంచిలో బొటనవేలంత పిట్ట ఒకటి కూర్చుంది. "గుడ్ల మీద కూసున్నది. మిషిన్ చప్పుడైతే లేచిపోతది. గందుకే చేత్తోని కుడుతున్న."

"ఎంతవరకు వచ్చింది?"

"ఒక కాలైంది."

"ఐతారం పిల్లను చూడబోవాలె చాచా! ఒక్క కాలుతోని పోవాల్నా?"

"ప్యాంటు యాడికి పోతది సారూ? గుడ్లు పోతె మల్లొస్తయా? ఆమెది గూడ మన పనే. చూడుండ్రి, టేపు లేకుంటనే ఎంత సాఫ్‌గ కుట్టుకున్నదో!"

లోపలినుంచి చాచీ, "మూడొద్దులాయె, ఇంట్ల గిన్నె చప్పుడు గూడ చెయ్యనిస్తలేడు," అంది.

శుక్రవారం మధ్యాహ్నం చాచా నమాజుకు వెళ్ళాడు, చాచీ పక్కింటికి వెళ్ళింది. నేను ప్యాంటు రెండో కాలు సూది కింద పెట్టి మిషన్ ముందు కూర్చున్నాను. తొక్కితే తిరుగుతుంది, అంతకంటే ఏముంది? (పిట్ట సంగతి గుర్తులేదని అబద్ధమాడను. గుర్తుంది. టేక్మాల్ అమ్మాయి ఇంకా ఎక్కువ గుర్తుంది.) తొక్కాను. చక్రం వెనక్కి తిరిగి దారం ఉండకట్టింది. మళ్ళీ బలంగా తొక్కితే గడగడమంటూ కుట్టు జానెడు దూరం పరుగెత్తింది. గర్వంగా లేవబోయాను గానీ లేవలేకపోయాను. ప్యాంటు కాలితో పాటు నా చొక్కా అంచునూ కలిపి కుట్టేసుకున్నాను! పెనుగులాడితే ప్యాంటు మోకాలి దగ్గర పర్రుమని చిరిగింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చాచా.

ఆయన నావైపు చూడలేదు, కిటికీవైపు చూశాడు. నేనూ చూశాను. పిట్ట తోక నిక్కబొడుచుకుని మా ఇద్దర్నీ చూస్తోంది.

"లేవలే!" అన్నాను.

"లేవలే," అన్నాడు చాచా, నాకంటే ఆశ్చర్యంగా. "ఎట్ల లేస్తది? మీ కుట్టు జూసి పరేషానైంది," అంటూ కత్తెర తీసుకుని నన్ను విడిపించాడు. అప్పుడే పక్కింటినుంచి వచ్చి ఆ మాట విన్న చాచీ, లోపలికి వెళ్ళి ఇన్ని రోజుల కసి తీరా గిన్నెలు తోమింది. పిట్ట అప్పుడూ కదల్లేదు.

చాచా శనివారానికల్లా మిషన్ మీద ప్యాంటు పూర్తిచేశాడు. చిరుగుకు అతుకు వేశాడు గానీ, అది కనిపిస్తూనే ఉంది. టేక్మాల్‌లో కూర్చున్నంతసేపూ ఎడమచెయ్యి మోకాలి మీదనుంచి తీయలేదు. అమ్మాయి నాయనమ్మ ఊరుకోలేదు. "పిలగానికి మోకాలు నొస్తదా ఏంది?" అని అడిగేసింది. మా మేనత్త తడుముకోకుండా, "నొప్పి గాదమ్మా, సిగ్గు!" అంది. అమ్మాయి నా చెయ్యి చూసి, తల వంచుకుని నవ్వింది. సంబంధం కుదిరింది.

పెళ్ళయిన నెలకు ప్యాంటు ఉతుకుతూ ఆమె అతుకు కనిపెట్టింది. చెప్పక తప్పలేదు. పడిపడి నవ్వి, "మరి పిట్ట పిల్లలు మంచిగ ఎగిరిపోయినయా?" అని అడిగింది. "పోయినయ్, మూడు," అన్నాను.

నిజానికి నేను చూడలేదు. పెళ్ళి సంబరంలో ఆ కిటికీవైపే వెళ్ళలేదు. ఇప్పుడు మామిడి పూతకొస్తే చాలు, పొద్దున్నే టీ పట్టుకుని ఆకుల వెనక గూళ్ళు వెతుకుతుంటాను. కళ్ళెదుట ఉన్న గూటిని వదిలేసి టేక్మాల్ బస్సెక్కిన ఆ బక్క సారును తలచుకుంటే నవ్వొస్తుంది. కోప్పడబుద్ధి మాత్రం కాదు.