కంటి ఆపరేషన్‌కి వచ్చిన ఆంటీ

ఆ రోజుల్లో దేశంలోని కంప్యూటర్లన్నిటినీ నేనే బాగుచేయాలని గట్టిగా నమ్మేదాన్ని. నోయిడాలో కొత్త ఉద్యోగం. పగలంతా ఆఫీసు, మిగిలిన వేళల్లో లినక్స్ సేవ. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మామూలు ఇళ్లలోకి తేవాలని జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లకు నేను సమన్వయకర్తను. (అంటే, వాళ్ల తగవులు తీర్చే మనిషినని అర్థం.) దాని తెలుగు మెనూలో 'దస్త్రం' అని రాయాలా, 'ఫైలు' అని రాయాలా అన్న చర్చలో ఇద్దరు కుర్రాళ్లు మాట్లాడుకోవడమే మానేశారు. వాళ్లకు దస్త్రం, ఫైలు అనే పేర్లే స్థిరపడిపోయాయి. ఒకరి కబురు ఒకరికి నేనే మోసేదాన్ని.

చివరికి బతిమాలి, మా మయూర్ విహార్ సొసైటీ హాల్లో ఒక ఆదివారం శిబిరం పెట్టించాను. ఎవరూ రాకపోతే ఇక ఈ పని కట్టిపెడదామని ఇద్దరూ ముందే చెప్పేశారు. "ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాంప్" అని నోటీసు రాసి సెక్రటరీ అంకుల్‌కి ఇచ్చాను. ఆయన వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు, మరీ పొడుగ్గా ఉందనుకున్నారేమో, "ఫ్రీ ఆపరేషన్ క్యాంప్" అని కుదించారు.

ఆదివారం వెళ్లేసరికి హాలు బయట పెద్ద వరస. నా ఆనందం ఎంతోసేపు నిలవలేదు. ఒక్కరి చేతిలోనూ లాప్‌టాప్ లేదు; అన్నీ ఎక్స్‌రే కవర్లు, మందుల సంచులు. ముందు నిలబడ్డది మా పై అంతస్తులో ఉండే విజయనగరం ఆంటీ.

"శుక్లాలకని మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చాను. డాక్టరెక్కడమ్మా?"

"ఆపరేషన్ కంప్యూటర్‌కి ఆంటీ, కంటికి కాదు."

"దానికేటయిందమ్మా?"

వెనక ఎవరో "అచ్ఛా, డాక్టర్ నహీ హై" అన్నారు. వరస కరిగిపోయింది. దస్త్రం, ఫైలు చాలాకాలం తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, సర్దుకుని పోదామన్నట్టు.

ఆంటీ మాత్రం నీరసంగా ఉందని కూర్చున్నారు. నేను టీ, బిస్కెట్లు తెచ్చిచ్చాను. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని దస్త్రం ఒక లాప్‌టాప్‌లో తెలుగు వార్తలు తెరిచాడు. ఆవిడ కళ్లు చికిలించడం చూసి ఫైలు అక్షరాలు పెంచుతూ పోయాడు. అవి అరచేయంత అయ్యాక ఆవిడ టీ పక్కన పెట్టి పైకి చదవడం మొదలుపెట్టారు. బంగారం ధర చదివారు, వాతావరణం చదివారు, తనకెందుకూ పనికిరాని క్రికెట్ కూడా చదివారు.

"చదివి పెట్టమంటే మా మనవరాలికి తెలుగు అక్షరాలు రావు. ఇది మా ఇంట్లోనూ వస్తుందా బాబూ?"

ఆ సాయంత్రమే ఆవిడ ఇంట్లో మూలన పడి ఉన్న లాప్‌టాప్‌లో ఇద్దరూ కలిసి లినక్స్ ఎక్కించారు. దస్త్రమా, ఫైలా అని ఆవిడనే అడిగారు.

"ఏదైతేనేం నాయనా, పెద్దగా రాయండి."

తర్వాత చాలాకాలం మా పనంతా పెద్ద అక్షరాల మీదే సాగింది. దేశమైతే మారలేదు. ఇప్పుడు ఆఫీసు వాళ్లు ఏ సిస్టమ్ ఇస్తే దాంట్లోనే పనిచేస్తున్నాను. అప్‌డేట్ అంటూ అది ఆగిపోతే, పోట్లాడకుండా దాని ఎదుట బుద్ధిగా కూర్చుంటాను. కంప్యూటర్లన్నీ బాగుచేస్తాననుకున్న ఆనాటి ఆ పిల్ల ఇప్పటి నన్ను చూస్తే ఏమనేదో. తిట్టేది మాత్రం కాదు. "లాప్‌టాప్ ఇలా ఇవ్వండాంటీ" అనేది.