నీడకు లాగిన తీగ

మా పార్కింగు స్థలంలో మిట్టమధ్యాహ్నం కూడా ఎండలోనే నిలబడి ఉండే పసుపు వ్యానును చూసి అందరూ నన్నే అడుగుతారు. "ఎవరమ్మా ఆ పిచ్చోడు? గోడ పక్కన అంత నీడ పెట్టుకుని ఎండలో మాడుతున్నాడు?" నాకు ఒళ్ళు మండిపోతుంది. టికెట్టు తీసుకుని మీ దారిన మీరు పొండి అంటాను. పిచ్చోడట!

ఆయన బడి వ్యాను డ్రైవరు. బడి మూతపడ్డాక ఆ పాత వ్యానే ఆయనకు మిగిలింది. సీట్లు పీకేసి, తల్లికి మంచం, తనకు చాప వేసుకుని మా దగ్గరికి చేరాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. "అమ్మకి ఊపిరితిత్తులు బాలేవు చెల్లెమ్మా. మెషీను ఆగకూడదు" అని వచ్చిన రోజే చెప్పాడు. ముక్కుకు గొట్టం పెట్టే ఆ ఊపిరి మెషీను ఇంజనుది కాక వ్యాన్లో విడిగా పెట్టుకున్న బ్యాటరీతో నడిచేది. ఆ బ్యాటరీని నింపేది సూట్‌కేసులా మడిచే ఒక సోలారు పలక. నా రేకుల గదికి కరెంటే లేదు, ఉంటే నేనే ఇచ్చేదాన్ని.

పలకతో వచ్చిన తీగ బారెడు. అంచేత పలకతోపాటు వ్యానూ ఎండలోనే ఉండాల్సి వచ్చేది. పెద్దావిడ ఊరుకునే రకమా! "ఒరేయ్, గాలాడక చస్తానని నువ్వు ఏడుస్తున్నావు. నేను ముందు ఉడికి చస్తానురా!" అని అరిచేది. అరిచి, ఆయాసపడి, మళ్ళీ అరిచేది. నాకావిడంటే భలే ఇష్టం.

కొడుకు ప్రాణం ఉసూరుమంది. ఎక్కడో పాత సామాన్ల కొట్లో అలంకరణ దీపాలకు వాడే సన్న తీగ చుట్ట తెచ్చి, ముక్కకు ముక్క అతికి, వ్యానును గోడ నీడకు లాగాడు. పలక మాత్రం దూరంగా ఎండలో ఉండిపోయింది. తలుపు తెరిస్తే చల్లగాలి. "ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది నాయనా" అంది తల్లి. ఆయన ముఖం చూడాలి అప్పుడు! నేనూ ఆ తీగకు కాపలా కాశాను. "దాని మీదెక్కించావంటే నీ టైర్లలో గాలి తీసేస్తా" అని కార్లవాళ్ళతో ఎన్ని గొడవలు పెట్టుకున్నానో.

పలక వెనక చిన్న పెట్టె ఉంటుంది. బ్యాటరీ నిండితే పచ్చలైటు వెలుగుతుంది. కళ్ళల్లో వత్తులేసుకుని దానికేసే చూసేవాడు. వెలగగానే "నిండిపోయిందమ్మా!" అని కేక పెట్టేవాడు. అవతలి కొసన బ్యాటరీని కూడా ఒకసారి చూడాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఒక తెల్లవారుజామున ఆయన కుళాయి దగ్గరికి నీళ్ళకు వెళ్ళాడు. బకెట్టుతో వచ్చేసరికి మెషీను ఆగిపోయి ఉంది. ఇంజను స్టార్టు చేసి దానికి కలిపితే మెషీను లేచింది. ఆవిడ లేవలేదు.

పెద్ద వయసు, ఆయుష్షు తీరిందని అందరమూ అన్నాం. ఆయనా తలూపాడు. ఆ నమ్మకంతోనే ఎలాగో బతికేసేవాడు.

తర్వాత పలకను కొనుక్కుంటానని పడవల మెకానిక్కు ఒకడు వచ్చాడు. తీగ చూసి నవ్వాడు. "ఇంత సన్న తీగ ఇంత దూరమా? కరెంటు దారిలోనే ఖర్చయిపోతుంది బాబాయ్. పెట్టె తన దగ్గర వోల్టేజి చూసుకుని నిండిందనుకుంటుంది. పచ్చలైటు వెలిగినా బ్యాటరీ సగం కూడా నిండదు."

నేను ఒంటికాలి మీద లేచాను. "నీ నోట్లో మన్నుపడ! ఎవరడిగారు నిన్ను?" వాడు బిత్తరపోయాడు. పాపం, వాడికేం తెలుసు! అయినా వాణ్ణి ఇప్పటికీ క్షమించలేను.

ఆయన పలక అమ్మలేదు. సన్న తీగ కోసేసి, వ్యానును ఎండలోకి లాగి, తలుపులు మూసుకున్నాడు. ఆ రోజు నుంచీ అంతే.

నిన్న ఉండబట్టలేక వెళ్ళి తలుపు లాగాను. వేడి సెగ ముఖానికి కొట్టింది. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. నీడలోకి రా."

"నీడకే కదా చెల్లెమ్మా ఆవిణ్ణి బలిచ్చాను."

నాకేడుపొచ్చింది. ఆయన వోల్టేజి కొలిచే మీటరు తీగలు బ్యాటరీకే ఆనించి చూపించాడు. "చూడు, ఇప్పుడు నిజంగా నిండింది."

మంచం మీద మెషీను ఆన్ చేసి ఉంది. గొట్టం దిండు మీద పెట్టి ఉంది, గాలి వదులుతూ.