లక్ష్మమ్మ అని పిలిస్తే

ప్రొద్దుటూరు బస్టాండు బయట బత్తాయి జూసు బండివాడు చీనీకాయ తొక్క ఒలిచినప్పుడల్లా ఆ ఘాటు గాలికి, చీరకు అంటుకుంటుంది. బస్సు వచ్చినా నాకు ఎక్కబుద్ధి కాదు. ఆ వాసన వెనకాల మా నాయనమ్మ, మా జేజి ఉంటుంది, పులివెందుల దగ్గర మా చీనీతోట ఉంటుంది, పూతకాలంలో తలుపులు మూసుకున్నా ఇంట్లోకి వచ్చేసే ఆ కమ్మదనం ఉంటుంది.

సెలవులన్నీ మాకు ఆ చెట్ల కిందే గడిచేవి. రాలిన పిందెలతో గోలీలాడేవాళ్లం, ఉగాదినాడు జేజి మూటగట్టి తెచ్చిన ఓళిగలు కాలువ గట్టు మీదే కూర్చుని నెయ్యి మోచేతుల దాకా కారుతుండగా తినేవాళ్లం. జేజి మాత్రం పాదులకు నీళ్లు మళ్లిస్తూ, ప్రతి చెట్టునూ పేరు పెట్టి పలకరిస్తూ, కాపు తగ్గినదాన్ని నాలుగు తిట్టి మళ్లీ దానికే రెండు గంపల ఎరువు ఎక్కువ వేస్తూ తిరిగేది. జేజినాయన పోయాక ఆ తోటను ఆమె ఒంటిచేత్తో పెంచింది.

చెట్లకు పేర్లు పెట్టిన మనిషికి సొంత పేరు మాత్రం మిగల్లేదు. పుట్టింటివాళ్లు పెట్టింది లక్ష్మమ్మ. ఖర్మ కాలి అత్త పేరూ అదే. కోడలిని తిట్టినప్పుడల్లా తన పేరే తిట్టుకోవాల్సి వస్తుందని ఆ పెద్దావిడ పెళ్లినాడే కోడల్ని కొండమ్మను చేసేసింది. అత్త పోయాక కూడా పాత పేరు తిరిగి రాలేదు. తోట పట్టాలో తప్ప జేజి ఇంకెక్కడా లక్ష్మమ్మ కాదు.

ఆ తోట తనదేనని ఒక దాయాది దావా వేశాడు. సమన్లు వచ్చాయి. నాయనకు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. పిలిచినప్పుడు లేచి వచ్చానని చెబితే చాలు, వకీలును తర్వాత మాట్లాడతానని జేజిని పంపాడు. ఏ పేరుతో పిలుస్తారో చెప్పాలని ఆయనకు తోచలేదు.

జేజి వెంట నేనూ వెళ్లాను. కోర్టు వరండాలో ఆమె తొనలు ఒలిచి పెడుతుంటే తింటూ కూర్చున్నాను. బంట్రోతు బయటికి వచ్చి "లక్ష్మమ్మా" అని మూడుసార్లు కేక వేశాడు. జేజి కొంగు తలమీదికి లాక్కుని, చచ్చిపోయిన అత్తను తలుచుకుని, కళ్లు మూసుకుంది. కొండమ్మను మాత్రం ఎవరూ పిలవలేదు. సాయంత్రం దాకా చూసి ఇంటికి వచ్చేశాం.

ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేశారన్న సంగతి, కోర్టు అమీనా తోటను దాయాదికి అప్పగించడానికి వచ్చిన రోజు గానీ మాకు తెలియలేదు. ఆ డిక్రీని కొట్టేయమని నాయన వకీలును పెట్టి అర్జీ వేయించాడు. విచారణ రోజున, సమన్లు అందినా ఎందుకు రాలేదని దాయాది వకీలు జేజిని నిలదీశాడు.

"వచ్చినా సామీ, ఆపొద్దు బయటనే కూచోనుండా. ఆ పేరు మా యత్తది. సచ్చిపోయినామెను పిలుస్తాండారే, పాపం ఈళ్లకు తెలీదేమో అనుకున్న్యా."

నలుగురూ నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు.

ఉత్తర్వు వచ్చిన రోజు నాయన గడపలోకి వస్తూనే "కొట్టేసినారుమా" అన్నాడు. జేజి గోడ పట్టుకుని కూలబడింది.

"చెట్లనా?"

"చెట్లను కాదుమా, డిక్రీని. దావా మళ్లా మొదట్నుంచి నడుస్తాది."

మర్నాడు తోటకు వెళ్లి చూస్తే దాయాది చెట్లను కూడా కొట్టేయించి ఉన్నాడు. మొదళ్లు ఇంకా తడిగా ఉన్నాయి, పొలమంతా పచ్చి ఆకు వాసన. జేజి ఒక్కో మొదలు దగ్గర ఆగి దాని పేరు పెట్టి పిలిచింది.

కొన్నాళ్లకు నేల మాకే దక్కింది, కానీ మళ్లీ మొక్క నాటడానికి జేజికి మనసు రాలేదు. అప్పటినుంచి తను పోయేదాకా సంతలో గానీ బస్సులో గానీ ఎవరు ఎవర్ని లక్ష్మమ్మా అని పిలిచినా, ఉలిక్కిపడి లేచి "ఈడ్నే ఉండా సామీ" అనేది. మేము నవ్వేవాళ్లం కాదు.

నిన్న ఆ జూసు బండి దగ్గర ఎవరో ముసలాయన జనంలో కలిసిపోయిన భార్యను లక్ష్మమ్మా, లక్ష్మమ్మా అని పిలుస్తున్నాడు. గ్లాసు చేతిలో పట్టుకుని నేనూ చెవులు రిక్కించి నిలబడ్డాను. అవతలి నుంచి ఎవరో పలికారు. మా జేజి కాదు.