బాన వెనక కడవ

నాకు ఆ వేసవిలో జ్వరం రాలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో ‘ఒళ్లు వెచ్చగా ఉంది’ అనే రాసుకున్నాను.

నాన్న పుట్టింది పుల్లలచెరువుకు అవతల ఒక చిన్న పాలెంలో. చదువుకుని కోస్తాకు వచ్చి మిషన్ బడిలో పంతులయ్యాడు. ఆయన కబుర్లలో ఆ ఊరు ఎప్పుడూ నల్లమల నీడన ఉండేది, నెమళ్లు ఇంటి ముందుకు వచ్చేవి. సెలవులకు మేనత్త దగ్గరికి వెళ్లమన్నప్పుడు నెల ముందే సంచి సర్దుకున్నాను. తీరా మార్కాపురంలో రైలు దిగి, పగలంతా బండిలో కుదిలి చేరితే అక్కడ ఉన్నవి రాళ్లు, తుమ్మకంప, బోదగడ్డి కప్పిన ఇరవై కొట్టాలు. కొండలు ఎక్కడో మసకగా గీత గీసినట్టున్నాయి. అత్త ఇంకా కూలి నుంచి రాలేదు. నాలుక పిడచకట్టుకుపోతుంటే గడప పక్క కడవలో చెంబు ముంచి తాగాను. ఉప్పు. బయటికి పరుగెత్తి ఉమ్మేశాను.

ఆ రాత్రి అన్నం దగ్గర అత్త నీళ్లచెంబు పెట్టింది. నేను ముట్టలేదు. వేరే నీళ్లున్నాయా అని అడగడానికి నోరు రాలేదు. నాకు ఎవరినైనా ఏదైనా అడగడమంటే అంత కష్టం. పొద్దున్నే నాన్నకు కార్డు రాశాను: ఇక్కడ ఉప్పునీళ్లు పోస్తున్నారు, జ్వరం వచ్చింది, అత్త చూడడం లేదు, వచ్చి తీసుకుపొండి.

అత్తకు చదువు రాదు. కార్డు చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూసింది.

“చీమలు బారు కట్టినట్టుండాయే! ఎంత సక్కగ రాసినావమ్మీ. నా సంగతి గూడ రాసినావా?”

“రాశానత్తా.”

ఆ మాటకు మురిసిపోయి, కూలి మానుకుని, పుల్లలచెరువు దాకా నడిచి, తానే టపాలో వేసి వచ్చింది.

రెండు రోజులు మజ్జిగతోనే గడిపాను. మూడోనాడు పచ్చిమిరపకాయ కొరికి, మంటకు ఆగలేక, ఎదురుగా ఉన్న చెంబెత్తి గటగటా తాగేశాను. తియ్యగా ఉన్నాయి. అత్త నవ్వింది. “అబ్బ, ఇన్నాళ్లకు దప్పికైనాదా?” జొన్నల బాన వెనక, గుడ్డ కప్పిన ఇంకో కడవ ఉంది. నేను దాన్ని చూడనే లేదు.

మర్నాడు తెల్లారకముందే ఆమె వెంట వాగుకు వెళ్లాను. వాగంటే ఇసుకే. ఊళ్లో మంచినీళ్ల బావి ఉంది గానీ అది మా పాలెం వాళ్లకు కాదు. ఆడవాళ్లు ఇసుకలో మోచేతి లోతున చెలమ తోడి, మొదటి బురదనీళ్లు పారబోసి, తేట ఊరేదాకా చుట్టూ కూర్చుంటారు. సొరబుర్ర చిప్పతో అడుగు కదలకుండా ముంచాలి. చివరి చిప్ప ఎవరూ తీయకూడదు, తరువాత వచ్చేవాళ్లకు ఊట ఆగిపోతుందట. ఇంటికి ఒక్క కడవే వంతు.

“ఏం వదినా,” అంది పక్కింటావిడ, “ఉన్న ఒక్క కడవా కోడలికి పోసి, నువ్వు ఉప్పునీళ్లు తాగుతుండావంట? దాన్ని పెళ్లి చేసుకునేదానికి కొడుకన్నా లేకపాయె నీకు!”

“పట్నం పిల్ల. దాని గొంతు సన్నంలే. నాది బండగొంతు.”

అందరూ నవ్వారు.

ఆ తరువాత రోజూ వెళ్లాను. చల్లటి ఇసుకలో కాళ్లు పెట్టుకుని, గుంటలో నీరు కళ్లు తెరిచినట్టు నెమ్మదిగా పైకి రావడం చూస్తూ ఉంటే ఎక్కడికీ పోబుద్ధి కాలేదు. ఆ వేళ కొండలు దగ్గరికి వచ్చేవి. ఒకరోజు అవతలి గట్టున నెమలి నిజంగానే కూసింది. ఇంకో కార్డు రాయాలని డైరీలో నాలుగుసార్లు రాసుకున్నాను. రాస్తే మొదటి కార్డు అబద్ధమని తేలిపోతుంది. రాయలేదు.

పన్నెండోనాడు నాన్న బండి దిగాడు. చంకలో కడవతో వాగు నుంచి వస్తున్న నన్ను చూసి నిలబడిపోయాడు.

“ఏందక్కా, మంచంలో ఉంటాదనుకుంటి. జ్వరం ఎప్పుడు తగ్గినాది?”

“జ్వరమా? ఎవురికిరా?”

నాన్న జేబులోంచి కార్డు తీసి చదివాడు. ఒక్కో మాటా గట్టిగా, బడిలో చదివించినట్టు. “నా బిడ్డకు ఉప్పునీళ్లు పోస్తివా అక్కా? నన్ను సాకిన చేతులేనా ఇవి?”

అత్త కార్డునే చూస్తోంది. ఆ చీమలబారును ఆమె గుర్తుపట్టింది. తరువాత నా వైపు చూసింది. ఒక్క మాట చాలు. కడవ చంకలోనే ఉంది, నీళ్లు నడుము మీదికి కారుతున్నాయి. నేను నోరు తెరవలేదు. అత్త కూడా నన్ను పట్టివ్వలేదు. “ఎండకు చూసుకోలేకపోతిరా తమ్ముడా,” అని లోపలికి పోయింది.

నాన్న మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. మరుసటి వేసవి రాకముందే అత్త పోయిందని కబురు వచ్చింది. ఇక్కడ మా పెరట్లోనే బావి ఉంది. అయినా తెల్లారుజామున అప్పుడప్పుడు ఇసుక మీద చిప్ప గీరిన చప్పుడు వినిపించి లేస్తాను. గడప దాటి చూస్తే ఎవరూ ఉండరు.

ఆ రోజు బండి కదలబోతుంటే అత్త చెంబు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“మూతికి గుడ్డ కట్టినా, ఒలకబోసుకోగాకు. తాగమ్మీ, ఇవి ఉప్పగుండవులే.”