తుడవని బ్యారెల్‌కు బొట్టు

రైఫిల్ బ్యారెల్ శుభ్రం చేసే ద్రావకం వాసన ఏ సబ్బుకీ లొంగదు. ఈ ఉదయం ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంటే చట్నీ కన్నా ముందు ఆ వాసనే తగిలింది. వెంటనే నాకు ఆ తుడవడం నేర్పిన సన్యాసిరావు మాస్టారి మీద కోపమొచ్చింది. మనిషి పోయి ఏళ్ళయినా ఆయన మీద విసుగు మాత్రం పోలేదు నాకు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వెనకున్న షూటింగ్ రేంజ్‌లో ఆయన మా కోచ్. రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో రిటైరై, ఊళ్ళోనే తెలిపారా అనే పేటలో ఉండేవారు. క్లబ్బు రైఫిళ్ళ బీరువా తాళాలు ఆయన దగ్గరే. స్పోర్ట్స్ కోటాలో ఎంపికైతే నాకు రైల్వే ఉద్యోగం. రైల్వేలోనే చేస్తున్న నాన్న రిటైరయ్యేలోగా అది రాకపోతే మేం క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. ఆ కంగారులో ఉన్న నాకు, రోజూ రైఫిల్ తుడిచి తళతళలాడించాలనే యావ.

“మాస్టారూ, వారమైంది. తుడుద్దామా?”

“ఏటి తుడిసీది? గుళ్ళు ఒక్కసోట పడతన్నాయా?”

“పడుతున్నాయి.”

“మరైతే దాని జోలికెల్లకు. సెదిరినప్పుడు సూద్దాం.”

చెదిరాక కూడా నా ఇష్టానికి తుడవనిస్తే కదా! గుడ్డముక్క తగిలించిన కడ్డీని బ్యారెల్ వెనకవైపు నుంచే దూర్చాలి, ఆ గుడ్డ ముందుకు పోయి పడిపోవాలి, మళ్ళీ వెనక్కి ఈడ్వకూడదు. పొరపాటున నా చెయ్యి వెనక్కి లాగిందా, “ఓలమ్మో, నూతిలో నీల్లు తోడతన్నావేటే గుంటా!” అని రేంజంతా వినబడేలా కేక. తుడిచాక మొదటి గుళ్ళను నమ్మకూడదట. “తుడిసిన బ్యారెల్ కొత్త కోడలు. కుదురుకోనీ.” విని విని చెవులు చిల్లులు పడ్డాయి.

అలాంటి మనిషి ఏం చేశారో చెప్తే నమ్మరు. ఉద్యోగాల ఎంపిక ట్రయల్స్ ముందురోజు, పనిముట్లకు బొట్టు పెట్టి మొక్కే విశ్వకర్మ పూజ. మర్నాడు నేను గురి చూసి కొడితే గుండు ఒకటి ఎడమకు, ఒకటి పైకి. రైఫిల్ తెరిచి చూస్తే లోపల అద్దం, నూనె నిగనిగ. పక్కన మాస్టారు తల దించుకుని నిలబడ్డారు.

“మీరే తుడిచారా?”

“పూజకి మాసిన పనిముట్టు ఎలగెట్టనమ్మా? షెడ్‌లో అందరం తుడిసే ఎడతాం కదా. సెయ్యి ఊరుకోలేదు.”

నాకు ఏడుపూ నవ్వూ రాలేదు, ఒళ్ళు మండింది. అది కుదురుకునేసరికి సమయం కరిగిపోయింది. ఆ ఏడాది నా పేరు రాలేదు. ఆయన మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన టీ ముట్టకుండా కూర్చున్నారు. నేను లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

నాన్న రిటైర్మెంట్‌కు ఇక మిగిలింది ఒక్క ఏడాది. మా ఖర్మ కాకపోతే, మళ్ళీ ట్రయల్స్ పూజ మర్నాడే పెట్టారు. పూజనాడు మాస్టారు రైఫిల్ తెచ్చి నా ముందు పెట్టారు.

“నువ్వే సెప్పు. తుడవాలా, ఒద్దా?”

ఆయన నన్ను అడగడం అదే మొదలు. “వద్దు,” అన్నాను. ఆయన రైఫిల్‌కు పసుపు అద్దారు. బొట్టు పెట్టి చేతులు జోడించారు.

“సామీ, పైన తుడిసినాను. లోపల మాసే ఉంది. పిల్ల బతుకు కోసం. పాపమైతే నా నెత్తినెయ్యి.”

మర్నాడు గుళ్ళు ఒక్కచోటే పడ్డాయి, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా పేరు మీదే క్వార్టర్ ఉంది, పూజకు రైఫిల్ పెట్టేదీ నేనే. ఏటా దండం పెట్టుకోబోతే మంత్రం ఒక్కటీ గుర్తు రాదు. “సామీ, లోపల మాసే ఉంది,” అనే వస్తుంది నోటికి.